వంట మాస్టరు చేతి బిళ్ల

నా ఎడమ చేతికి వెనకవైపు, భుజానికి కాస్త కింద, అయిదు రూపాయల నాణెం కన్నా కొంచెం పెద్దదైన తెల్లటి బిళ్ల ఒకటి అతుక్కుని ఉంటుంది. దాని అడుగున వెంట్రుక లాంటి మెత్తని తీగ చర్మం కిందికి దిగి ఉంటుంది. ఒంట్లో షుగర్ ఎంత ఉందో అది రాత్రింబగళ్లు చూస్తూ, జేబులో ఉన్న ఫోనుకి చేరవేస్తూ ఉంటుంది. ఫోనులో అంకె కనిపిస్తుంది, పక్కన ఒక బాణం కనిపిస్తుంది, కింద ఒక గీత పాకుతూ ఉంటుంది. రెండు వారాలకి బిళ్ల ఆయుష్షు తీరిపోతుంది. పీకి పారేసి రెండో చేతికి కొత్తది పెట్టుకోవాలి. ఇంగ్లీషులో దీనికి పొడుగాటి పేరుంది. అద్దంకి చుట్టుపక్కల మాత్రం ఎవరూ ఆ పేరు జోలికి పోరు. బిళ్ల అంటారు, అంతే.

నేను గవర్నమెంటు ఆసుపత్రిలో మందులిచ్చే పని చేసి రిటైరయ్యాను. కాగితాల మీద ఫార్మసిస్టుని, ఊళ్లో కాంపౌండరు గారిని. ఉద్యోగంలో ఉన్నంత కాలం కొత్త సంవత్సరానికి మందుల కంపెనీల వాళ్లు డైరీలు పంచేవాళ్లు. మిగతావాళ్లు వాటిలో పాల లెక్కలు వేసుకునేవాళ్లు. నేను మాత్రం డైరీనే రాశాను. ఇప్పటికీ రాస్తున్నాను. వాన పడిందా, ఇంటికి ఎవరొచ్చారు, ఏం కూర వండారు, ఎలా కుదిరింది. ఈ చివరి విషయం మీద మా ఆవిడకి మొదటి నుంచీ అభ్యంతరం ఉంది.

"పెళ్లయినప్పటి నుంచీ నా వంటకి మార్కులేస్తున్నారు. ఒక్కసారన్నా నూటికి నూరు వేశారా?" అంటుంది.

"తొంభై దాకా వేశాను," అంటాను.

నాకు షుగర్ వచ్చి ముదిరాక, ఊళ్లో క్లినిక్ నడిపే డాక్టరమ్మ మొదటి బిళ్ల పెట్టించింది. రెండు వారాలయ్యాక నేను ఫోనుతో పాటు డైరీ కూడా పట్టుకెళ్లాను. ఇడ్లీ తిన్న పొద్దు గీత ఎంత లేచింది, పెసరట్టు తిన్న పొద్దు ఎంత లేచింది, భోజనం చేసి కునుకు తీస్తే ఏమైంది, కూరగాయల బజారు దాకా నడిస్తే ఏమైంది, అన్నీ అందులో ఉన్నాయి. ఆమె పేజీలు తిప్పి తిప్పి, "కాంపౌండరు గారూ, వారానికి రెండు పొద్దులు వచ్చి మా పేషెంట్లకి ఇది నేర్పకూడదూ? నేను చెబితే తలూపి వెళ్లిపోతారు. మీరు చెబితే ఎదురు ప్రశ్నలు వేస్తారు," అంది.

ఆమె చెప్పినట్టే జరిగింది. క్లినిక్ వెనక గదిలో రెండు బెంచీలు, ఒక ఫ్యాను, గోడకి చెయ్యి బొమ్మ. నేను చెప్పేది కొంచెమే. చెయ్యి శుభ్రంగా తుడవండి, తడి ఆరాక పెట్టండి, పడుకునే వైపు చేతికి పెట్టకండి, అంకె మీద అనుమానం వస్తే సబ్బుతో చేతులు కడుక్కుని వేలు పొడిచి చూసుకోండి. వాళ్లు అడిగేవి మాత్రం బోలెడు. ఇది పెట్టుకుని మోటారు స్విచ్చి వెయ్యొచ్చా? గొర్రు తోలేటప్పుడు ఊడిపోతే ఎవరిది బాధ్యత? ఏం తిన్నామో కూడా డాక్టరమ్మకి చెప్పేస్తుందా?

"చెప్పదు. ఎంత పెరిగిందో చెబుతుంది. ఏం తిన్నారో మీరే చెబుతారు," అన్నాను ఆ అడిగిన రైతుతో.

"ఇంకేం, చెప్పినట్టే," అంది పక్కన కూర్చున్న ఆయన భార్య.

మిరపకాయలు కోతకొచ్చే రోజుల్లో చేతులు కడుక్కునే పాఠం ఇంకో రెండుసార్లు చెప్పాలి. కల్లం మీద కాయలు తిరగేసి నేరుగా వచ్చిన ఒకాయన, అదే చేత్తో భుజం రుద్దుకుని బిళ్ల పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగి పరుగెత్తుకొచ్చాడు. "ఏమండీ, ఇందులోంచి కరెంటు లీకవుతోంది, భగ్గున మండుతోంది," అన్నాడు. కరెంటు కాదు నాయనా, నీ చేలో తేజా కాయే అని చెప్పి, చెయ్యి కడిగించి పంపాను.

ఆ బెంచీ మీదికే మా వంట మాస్టరు వచ్చాడు.

ఆయన మా ప్రాంతంలో పెళ్లిళ్లకి బిర్యానీ వండే మనిషి. మా అమ్మాయి పెళ్లికి కూడా ఆయనే వండాడు. అప్పటి నుంచి ఆయన్ని నేను మాస్టర్ అంటాను, ఆయన నన్ను కాంపౌండరు గారూ అంటాడు. మా ఆవిడని చెల్లెమ్మా అంటాడు, ఆయన భార్య నన్ను అన్నయ్య గారూ అంటుంది. శనగలు పండించే ఊరయినా, పత్తి పండించే ఊరయినా, ఏ కులం వాళ్లింట్లో విందయినా వేట మాంసం వండాలంటే ఆయనకే కబురు వెళుతుంది. ఆయన వండితే రుచి చూడాల్సిన పని ఉండదని పేరు. ఉప్పు చేత్తో తీసి విసురుతాడు. అది సరిపోతుంది.

షుగర్ వచ్చి ఆయనకి చాలా ఏళ్లయింది. మాత్రలు, రాత్రిపూట ఇన్సులిన్. అంతకు ముందు ఏడాది రంజాన్‌లో డాక్టరమ్మకి చెప్పకుండా రోజా ఉపవాసాలు మొదలుపెట్టి, మొదటి వారంలోనే కళ్లు తిరిగి బజార్లో పడిపోయాడు. డాక్టరమ్మ గట్టిగా వద్దంది. మిగిలిన నెలంతా ఆయన ఇంట్లో మధ్యాహ్నం పూట వంటగది పరదా వెనక కూర్చుని తిన్నాడు. ఇంట్లో భార్య, కొడుకు, కోడలు, ఆఖరికి స్కూలుకి వెళ్లే మనవరాలు కూడా ఉపవాసం. ఎవరూ ఆయన్ని ఒక్క మాటనలేదు. ఆయనకి కష్టమనిపించిందే అది.

"కాంపౌండరు గారూ, ఈ బిళ్ల పెట్టుకుంటే ఈసారి నన్ను రోజా ఉండనిస్తారా?" అని అడిగాడు, కూర్చోకముందే.

"ఉండనివ్వద్దు అన్నయ్య గారూ," అంది వెనకే వచ్చిన ఆయన భార్య. "నిరుడు ఈయన పడితే నలుగురు మోసుకొచ్చారు. నలుగురు మోసుకురావడం చూసే వయసా నాది?"

"నేను బరువు. అందుకే నలుగురు," అన్నాడు ఆయన.

డాక్టరమ్మ ఇద్దరి మాటా విని ఒక ఒప్పందం చేసింది. రంజాన్‌కి ఇంకా కొన్ని నెలల టైముంది. ఈలోగా బిళ్ల పెట్టుకుని ఉండాలి. షుగర్ డెబ్బైకి కిందికి జారకుండా నిలకడగా ఉంటే మందులు సర్ది రోజాకి ఒప్పుకుంటుంది. జారుతుంటే ఇంక అడగకూడదు. మాస్టరు చొక్కా చేయి పైకి మడిచి, "పెట్టండి," అన్నాడు.

పెట్టించుకున్న సాయంత్రం నుంచి నాకు ఫోన్లు మొదలయ్యాయి.

"కాంపౌండరు గారూ, నూట ఎనభై రెండు."

"టీ తాగారా మాస్టర్?"

"తాగాను."

"అదే మరి."

ఇంకాసేపటికి, "నూట ఎనభై ఏడు." ఇంకాసేపటికి, "నూట ఎనభై నాలుగు, దిగుతోందండీ, ఏం చెయ్యమంటారు?" ఏమీ చెయ్యొద్దంటే ఆయనకి తోచేది కాదు. నేను స్నానానికి వెళితే మా ఆవిడ తలుపు కొట్టి, "మీ మాస్టరు గారి స్కోరు వచ్చింది, లోపలికి అందించమంటారా?" అనేది. ఆయన భార్య ఫోను చేసి, "అన్నయ్య గారూ, ఉల్లిపాయలు వేగుతుంటే వదిలేసి ఫోను చూస్తున్నారు. మాడిన ఉల్లిపాయల డబ్బులు డాక్టరమ్మ ఇస్తుందా?" అని అడిగింది.

తర్వాతి పాఠానికి ఆయన వచ్చినప్పుడు నేను ఆయన భాషలోనే చెప్పాలనుకున్నాను. దాని గురించి ముందు రోజే ఆలోచించి పెట్టుకున్నాను కూడా.

"మాస్టర్, బిర్యానీ డేగిసాకి పిండి ముద్ద పెట్టి మూత బిగించాక, ఉడికిందా లేదా అని మాటిమాటికీ మూత తీసి చూస్తారా?"

"ఎందుకు చూస్తాం? ఆవిరంతా పోయి బియ్యం చచ్చిపోవూ."

"ఇదీ అంతే. మాటిమాటికీ మూత తీయకండి."

ఆయన మొహం విచ్చుకుంది. "ఈ మాట మొదటి రోజే చెప్పొచ్చుగా," అన్నాడు. ఆ రోజు నుంచి ఫోన్లు ఆగిపోయాయి. పాఠం బాగా ఎక్కిందని డైరీలో రాసుకున్నాను.

ఆ తర్వాత పత్తి ఆఖరి తీతల రోజుల్లో, ఊరికి కాస్త దూరంలో మా దగ్గర బంధువుల ఇంట్లో పెళ్లి జరిగింది. పగటి విందు. ఇంటి పక్క ఖాళీ స్థలంలో షామియానా, దాని వెనక పొయ్యిలు. మాస్టరు తెల్లారక ముందే అక్కడికి చేరి పని మొదలుపెట్టాడు. నేను భోజనానికి కూర్చున్నాను. విస్తరిలో ఇంకా పెరుగు పచ్చడి ఒక్కటే పడింది. ఆయన భార్య కొంగు బిగించుకుని వరసల మధ్యలోంచి నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్య గారూ, ఒకసారి లేచి రండి. ఈయన బిర్యానీలోకి కాచే దాల్చాలో ఉప్పు రెండోసారి వేస్తున్నారు."

విస్తరి ముందు నుంచి లేవడం మర్యాద కాదు. కానీ మాస్టరు ఉప్పు రెండోసారి వెయ్యడమంటే మామూలు సంగతి కాదు. వెనక్కి వెళ్లి చూస్తే ఆయన పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. పొయ్యి సెగకి పట్టే చెమట కాదది, బనీను పిండితే నీళ్లు కారేలా ఉంది. చేతిలో ఉప్పు గిన్నె. భార్యతో, "నాకు చెబుతావా? ఉప్పు సంగతి నాకు చెబుతావా?" అంటున్నాడు. ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు.

"మాస్టర్, ఫోను ఏదీ?"

ఆయన కాసేపు ఆలోచించి, మసాలా దినుసుల పక్కనున్న స్టీలు డబ్బా చూపించాడు. మూత బిగించి ఉంది. తీస్తే లోపల గుడ్డలో చుట్టిన ఫోను. స్టీలు డబ్బాలోకి బిళ్ల మాట ఎక్కడ వినబడుతుంది? ఫోను తెర మీద సిగ్నల్ అందడం లేదని రాసి ఉంది. ఎంత మొత్తుకున్నా డబ్బాలోంచి బయటికి వినబడే దారి లేదు.

ఆయన్ని బియ్యం బస్తా మీద కూర్చోబెట్టి, పంచదార గ్లాసు నీళ్లలో కలిపి తాగించాము. కాసేపటికి ఆయన కళ్లల్లోకి మనిషి తిరిగి వచ్చాడు. భార్య లడ్డూల పళ్లెం పట్టుకుని నిలబడి, "ఇంకోటి పెట్టమంటారా అన్నయ్య గారూ, ఇంకోటి?" అని అడుగుతోంది. వద్దమ్మా, ఆగండి, షుగర్ ఎక్కిన సంగతి బిళ్లకి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది అన్నాను. ఆగేలోగా ఆవిడ చేతిలోంచి రెండు లడ్డూలు ఆయన నోట్లోకి వెళ్లిపోయాయి.

"డబ్బాలో ఎందుకు పెట్టారు మాస్టర్?"

"మీరే చెప్పారుగా, మూత తీయొద్దని," అన్నాడు ఆయన, ఎంతో న్యాయంగా. "బయట ఉంటే చూడకుండా ఉండలేకపోతున్నాను. అందుకని దమ్ పెట్టేశాను."

దానికి ఆయన భార్య చెప్పిన జవాబు ఒకటుంది. కానీ అది ఇక్కడ రాసేది కాదు.

తేరుకున్నాక మాస్టరు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఈ సంగతి డాక్టరమ్మకి చెప్పాలా?" అని అడిగాడు. నిరుటి పరదా ఆయన కళ్ల ముందు మళ్లీ వేలాడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. "ఫోనుకి అందలేదుగా అండీ. దాంట్లో ఏమీ పడలేదుగా."

నేను ఫోను ఆయన చేతికిచ్చాను. మొదటి పాఠంలోనే నేను చెప్పిన సంగతి ఒకటుంది, అది ఆయన మరిచిపోయాడు. ఫోను అందుబాటులో లేకపోతే బిళ్ల ఊరుకోదు. కొన్ని గంటల లెక్క తన దగ్గరే పెట్టుకుని, ఫోను దొరకగానే అంతా అప్పజెబుతుంది. ఆయన చూస్తుండగానే గీతలో ఖాళీగా ఉన్న చోటు నిండింది. పొద్దున టిఫిను తినకుండా ఇంట్లో మాత్ర మాత్రం వేసుకొచ్చిన దగ్గర నుంచి, మెట్ల బావిలోకి దిగినట్టు గీత దిగుతూ దిగుతూ అడుగుకి చేరింది. అక్కడే ఉప్పు రెండోసారి పడింది.

"మూత తీశాం, అంతా బయటపడింది," అన్నాడు మాస్టరు.

"మీకన్నా అదే నయం," అంది ఆయన భార్య. "అడక్కుండానే నిజం చెప్పేసింది."

ఆ రోజు దాల్చాలో ఇంకో గంగాళం నీళ్లు, ఇంకొన్ని సొరకాయలు పడ్డాయి. పెళ్లివాళ్లకి దాల్చా మిగిలింది. ఎవరూ ఏమీ కనిపెట్టలేదు.

తర్వాతి పాఠం రోజున ఆయన నాకన్నా ముందే క్లినిక్‌కి వచ్చి కూర్చున్నాడు. డాక్టరమ్మ గదిలోకి వెళుతూనే ఫోను బల్ల మీద పెట్టి, "ముందు నేను చెబుతాను, తర్వాత అది చెబుతుంది," అని జరిగిందంతా చెప్పాడు. ఉప్పుతో సహా. చెప్పి, లేచి నిలబడ్డాడు. వద్దు అనే మాట నిలబడి వినాలని కాబోలు.

డాక్టరమ్మ గీత అంతా చూసింది. "కూర్చోండి. ఇది రంజాన్‌లో జరగలేదు, ముందే జరిగింది. ఇలాంటివి ముందే తెలియాలనే బిళ్ల పెట్టించింది," అంది. ఒక మాత్ర మార్చింది. ఇన్సులిన్ తగ్గించింది. రంజాన్‌కి ముందు నెలలో మీ వాళ్లు కొందరు రోజాలు ఉంటారు కదా, అప్పుడు రెండు మూడు ఉండి చూడండి, గీత నిలబడితే అప్పుడు మాట్లాడుకుందాం అంది. ఒకవేళ ఒప్పుకున్నా ఒక షరతు అంది. అంకె డెబ్బైకి దిగితే ఆ క్షణమే రోజా విప్పెయ్యాలి. సాయంత్రం అజాన్ వినబడబోతోందన్నా సరే.

"ఇమాం గారు కూడా అదే అన్నారండి. ప్రాణం మీదికి వస్తే విప్పమనే చెప్పారు, తర్వాత ఇంకో రోజు ఉండి తీర్చుకోవచ్చన్నారు," అన్నాడు మాస్టరు. "మీరంతా ఒకటైపోయారు."

బయటికి వచ్చాక నేను నా పాఠం గురించి ఎత్తాను. మూత పోలిక పనికిరాలేదు మాస్టర్, వేరే ఏదన్నా చూడాలి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"పోలిక మంచిదేనండీ. సగమే చెప్పారు. మూత తీయం, నిజమే. కానీ నిప్పు చూస్తూనే ఉంటాం కదా. కింద ఎంత ఉంది, మూత మీద ఎంత ఉంది, ఎగదొయ్యాలా, లాగెయ్యాలా. నిప్పు చూడకుండా ఏ వంటవాడు పక్కకి పోతాడు?"

"అయితే ఇందులో నిప్పు ఏది?"

ఆయన ఫోను తీసి, అంకె పక్కనున్న బాణం మీద వేలు పెట్టాడు. అది పైకి చూస్తుంటే మంట ఎక్కువ. అడ్డంగా ఉంటే సరిగ్గా ఉంది. కిందికి చూస్తుంటే ఆరిపోతోంది. ఆ వారం నుంచి నా పాఠంలో బాణమే ముందు, అంకె తర్వాత. ఫోను స్టీలు డబ్బాలో పెట్టకూడదనేది కూడా చేర్చాను. అందరూ నవ్వుతారు, ఎవరు పెడతారండీ అంటారు.

ముందు నెలలో ఉన్న రోజాల్లో బాణం అడ్డంగానే నడిచింది. డాక్టరమ్మ ఒప్పుకుంది. ఆయన భార్య ఒప్పుకోలేదు కానీ, తెల్లారక ముందు తినే సహరీకి ఏం వండితే గీత నెమ్మదిగా నడుస్తుందో నా దగ్గరికి వచ్చి అడిగి వెళ్లింది.

రంజాన్ వచ్చేసరికి మిరప కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఊళ్లోకి వచ్చే గాలి ఘాటుకి తుమ్ములు. మసీదు ఆవరణలో రోజూ సాయంత్రం గంజి కాస్తారు. బియ్యం, పెసరపప్పు, కాస్త కైమా, అల్లం వెల్లుల్లి, పుదీనా. రోజా ఉన్నవాళ్లకే కాదు, క్యాను పట్టుకుని వెళితే ఎవరికైనా పోస్తారు. ఆ గంజి కాసే పని ఏటా మాస్టరుదే. నిరుడు మాత్రం ఆయన రాలేదు. రోజా లేకుండా రోజా వాళ్లకి గంజి కాయడానికి మొహం చెల్లలేదన్నాడు. ఈసారి జేబులో ఫోనుతో వచ్చి నిలబడ్డాడు. జేబులోంచి ఎప్పుడన్నా తీసి, బాణం చూసి, మళ్లీ పెట్టేస్తాడు.

నేను రోజూ మా క్యాను పట్టుకుని వెళ్లేవాణ్ణి. ఒక కప్పు వరకు నా గీత కూడా ఒప్పుకుంటుందని మొదటి రోజే చూసుకున్నాను. ఇంటికి తెచ్చాక మా ఆవిడ ఒక స్పూను నోట్లో వేసుకుని, మాటా పలుకూ లేకుండా వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చేది. మనింట్లో అందరికీ ఉప్పు ఎక్కువే అలవాటు అనేది. నేనూ అదే అనుకున్నాను.

రంజాన్ సగం దాటింది. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి గంజి ఉడుకుతోంది. మాస్టరు తెడ్డు పట్టుకుని తిప్పుతున్నాడు. ఆయన భార్య కోడలితో కలిసి ఒక పక్క పళ్లు కోస్తోంది. రోజా విప్పడానికి ఇంకా అరగంట టైముంది. చుట్టూ క్యాన్లతో మనుషులు. ఇంతలో ఆయన జేబులో ఫోను కూసింది. ఆయన తెడ్డు ఆపి చూశాడు.

"నిప్పు తగ్గుతోంది కాంపౌండరు గారూ," అన్నాడు.

చూశాను. బాణం నిటారుగా కిందికి ఉంది. అంకె డెబ్బైకి ఇంకా కాస్త పైనే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం కట్టెల బండి రాకపోతే ఆయనే వెళ్లి మోసుకొచ్చాడని తర్వాత తెలిసింది.

"వేలు కూడా చూద్దాం. చేతులు కడుక్కోండి."

కడుక్కుని వచ్చాడు. వేలు పొడిచాను. డెబ్బైకి కిందికి వచ్చేసింది. ఆయన భార్య కత్తిపీట వదిలి లేచి వచ్చింది.

"అరగంటేనండీ," అన్నాడు ఆయన నాతో.

డాక్టరమ్మ మాట ఆయనకి గుర్తుంది, ఇమాం గారి మాట గుర్తుంది. ఇంకోసారి నేను చెప్పేది ఏముంది? ఆయన పొయ్యిలోకి కాసేపు చూశాడు.

"ఆరిపోయేదాకా చూస్తూ నిలబడితే వంటవాణ్ణి ఎట్లా అవుతాను," అని, "షర్బత్ ఇటివ్వు," అన్నాడు భార్యతో.

ఎవరో పెద్దాయన, "లోపలికి వెళ్లి తాగు మాస్టర్, నీడగా ఉంటుంది," అన్నాడు. ఆయన మంచికే అన్నాడు.

"ఎందుకూ? నిరుడంతా పరదా వెనకే తిన్నానుగా," అని మాస్టరు అక్కడే, అందరి ముందూ బోర్లించిన డేగిసా మీద కూర్చుని, బిస్మిల్లా అని గ్లాసు ఎత్తాడు. రెండు ఖర్జూరాలు తిన్నాడు. ఆయన భార్య మూడోది పట్టుకుని నిలబడింది. నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఈసారి ఆగింది. ఆ మూడోది కొంగున కట్టుకుంది.

కాసేపటికి ఆయన లేచి మళ్లీ తెడ్డు పట్టుకున్నాడు. పట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. రోజాలో వండేటప్పుడు నాలుక చివర వేసుకుని ఉమ్మేయొచ్చంటారు గానీ ఆయనకి అది మనసొప్పేది కాదు. ఇన్నాళ్లూ వాసన చూసే కాచాడు, రోజా విప్పాక కూడా షుగర్ ఎక్కుతుందని గంజి ముట్టకుండా ఇంట్లో చేసిందే తిన్నాడు. ఇప్పుడు ఆ ఆవరణలో రోజా లేనివాళ్లం నాలాంటి క్యాన్ల వాళ్లమూ, ఆయనా. గరిటెతో కాస్త తీసి, ఊదుకుని, నోట్లో వేసుకున్నాడు.

అందరం చూస్తున్నాం.

"ఉప్పు లేదే," అన్నాడు.

క్యాన్లు పట్టుకున్న మావైపు తిరిగాడు.

"నిన్న?"

"నిన్న కూడా ఇట్లాగే ఉంది మాస్టర్," అన్నాడు క్యాను పట్టుకున్న ఆటో డ్రైవరు ఒకడు, నేల చూస్తూ.

"మొన్న?"

ఆటో డ్రైవరు క్యాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అంటే నెల మొదటి నుంచీ మీకు చప్పిడి గంజి పోస్తున్నానా? ఒక్కరన్నా చెప్పొద్దా?"

"రోజా ఉండి పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి ఉప్పు తక్కువైందని ఎట్లా చెబుతాం?" అన్నాడు ఇందాకటి పెద్దాయన.

"నువ్వన్నా చెప్పొచ్చుగా," అన్నాడు భార్యతో.

"ఉప్పు సంగతి నాకు చెబుతావా అంటారని," అంది ఆవిడ, పెళ్లిలో ఆయన అన్న గొంతుతోనే. కోడలు చటుక్కున పళ్ల గిన్నెలోకి తల వంచుకుంది.

మాస్టరు నవ్వాడు. నవ్వి, నావైపు తిరిగి, "ఆ పెళ్లి దగ్గర నుంచీ చెయ్యి వెనక్కి లాగుతోందండీ. ఉప్పు తీసినప్పుడల్లా ఇందాక వేశానేమో అనిపించి సగం గిన్నెలోనే వదిలేస్తున్నాను," అన్నాడు. గిన్నెలోంచి గుప్పెడు తీసి, పూర్వంలాగే చూడకుండా డేగిసాలోకి విసిరాడు. తిప్పి, ఇంకోసారి రుచి చూశాడు. తెడ్డు అంచుకి తట్టి పక్కన పెట్టాడు. ఇంకేం అననక్కర్లేకపోయింది. అజాన్ అయ్యాక జనం రెండోసారి క్యాన్లు పట్టుకొచ్చారు.

డాక్టరమ్మ మర్నాడు మాత్ర ఇంకాస్త తగ్గించింది. కట్టెలు మొయ్యడం మానిపించింది. మాస్టరు ఒక రోజు ఆగి మళ్లీ రోజా పట్టాడు, పండగ దాకా మళ్లీ విప్పాల్సి రాలేదు. పోయిన రోజాలు పండగయ్యాక ఉండి తీర్చుకున్నాడు. ఆ రోజుల్లో ఆయన ఇంట్లో మిగతా అందరూ మధ్యాహ్నం భోజనం పరదా వెనక చేశారని ఆయన భార్య చెప్పింది. ఈయన మాత్రం పరదా పక్కకి జరిపి, "ఏం కూర?" అని అడిగేవాడట.

ఉప్పు సరిపోయిన ఆ సాయంత్రం నేను గంజి ఇంటికి తెచ్చేసరికి మా ఆవిడ కప్పులు సిద్ధం చేసుకుని కూర్చుంది. నేను కాళ్లు కడుక్కుని వచ్చేలోగా, రుచి చూడకుండానే, అలవాటు కొద్దీ ఉప్పు వేసేసింది. కప్పు నోటి దగ్గర పెట్టుకుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత నేను డైరీ తీశాను. మాస్టరు ఈ రోజు రోజా విప్పాల్సి వచ్చింది, మనిషి బాగున్నాడు, అని రాశాను. దాని కింద, గంజిలో ఉప్పు ఎక్కువైంది, మాస్టరు తప్పు కాదు, అని రాసి, మా ఆవిడ చూడకముందే మూసేశాను.